పోయినవాళ్ల మంచం మీద చాయ్

సువార్త గెలవగా నేను కళ్లారా చూసిన మొదటి జగడం ఒక ఇనుప మంచం గురించి. లాలాగూడలో మా గల్లీ మధ్యన, పొద్దున పదింటికి, అందరూ చూస్తుండగా జరిగింది.

మంచం రోడ్డు మీద ఉంది. దాని పక్కన పాత ఇనుప సామాన్లు కొనేవాడి బండి. ఈ పక్క ఓంప్రకాశ్, ఆ పక్క ఆస్పత్రి ఆయాగా చేసిన సువార్త. ఓంప్రకాశ్ మా ఎదురింటివాడు. వాళ్ల నాయన పోయి, దినాలు అయిపోయిన మర్నాడే ఆ మంచాన్ని బయట పడేశాడు. నిజానికది వాళ్ల మంచం కాదు. తల వైపు పైకి లేచేలా హ్యాండిల్ ఉండే దవాఖాన మంచం. మూడు నెలల కిందట సువార్త దగ్గర ఊరికే వాడుకోవడానికి తెచ్చుకున్నది.

"గా మంచం మీద చెయ్యి పడ్డదో, నీ బండి చక్రం ఊడుతది," అంది సువార్త బండివాడితో.

"ఆయమ్మా, మా నాయిన పానం పోయిన మంచం అది," అన్నాడు ఓంప్రకాశ్. "ఇంట్ల ఉంచద్దంటున్నరు. పారేస్తే నీకేంది తక్లీఫ్?"

"పారెయ్యనీకి మీ నాయిన కొన్నడా? తీస్కపోయేటప్పుడు అమ్మా, అమ్మా అన్నవ్. ఇయ్యాల ఆయమ్మనైన."

అరుగు మీద నుంచి ఓంప్రకాశ్ మేనత్త అందుకుంది. "దోషమమ్మా! పోయినోళ్ల మంచం ఇంకోళ్ల ఇంటికి పోవద్దు. ఆళ్లకు సుత పట్టుకుంటది."

"యాడుంది దోషం?" అని సువార్త వంగి మంచం కిందికి చూసింది. "కిందైతే లేదు. పైనున్నదేమో చూస్త." అంటూనే చెప్పులు విప్పి, గల్లీ నడిమధ్యన ఆ మంచం ఎక్కి వెల్లకిలా పడుకుంది. ఆమెది చిన్న ఒళ్లు కాదు, మంచం కిర్రుమంది. రెండు ఆటోలు వచ్చి ఆగాయి. వెనక నుంచి పాలవాడు హారన్ కొట్టాడు.

"కొట్టు, కొట్టు," అంది సువార్త పడుకునే. "నన్ను దోషం పట్టుకునేదాంక లెవ్వను. దేవమ్మక్కా, ఉత్తగనే చూస్తవా? జెర చాయ్ తేరాదూ."

అప్పటిదాకా నాకు ఆమెతో పెద్ద మాటలు లేవు. అయినా తెచ్చాను. అంత ధైర్యంగా అడిగినవాళ్లకు లేదనడం నాకు చేతకాదు. చాయ్ చేతిలోకి తీసుకుని, "ఓంప్రకాశూ, పండుకొని తాగితే మీద పడుతది. జెర తల పక్క లేపు," అంది.

ఓంప్రకాశ్ ఏం ఆలోచించాడో, అసలు ఆలోచించాడో లేదో, వెళ్లి హ్యాండిల్ పట్టుకుని తిప్పాడు. నాలుగు చుట్లు తిప్పి, ఆగి, ఇంకో అరచుట్టు తిప్పాడు. మూడు నెలలు వాళ్ల నాయనకు చాయ్ తాగించేటప్పుడు తిప్పిన లెక్క అది. చెయ్యి దానంతటదే తిప్పింది. వాడు హ్యాండిల్ వదలకుండా అలాగే కూలబడి, పిల్లవాడిలా ఏడ్చాడు. దినాలైనన్ని రోజులూ వాడి కంట్లో నీళ్లు చూడలేదు మేము.

సువార్త చాయ్ మొత్తం తాగింది. గ్లాసు నాకిచ్చి, "చాయ్‌ల చక్కెర తక్కువైంది," అంది. మంచం దిగింది. ఓంప్రకాశ్ కళ్లు తుడుచుకుని, ఆ మంచాన్ని తనే తోసుకుంటూ ఆమె సామాన్లు పెట్టుకునే అద్దె గదికి తీసుకుపోయాడు. మేనత్త అరుగు మీంచి లేచి లోపలికి పోయింది. బండివాడు మాత్రం నిరాశగా వెళ్లాడు.

ఈ సువార్త ఎవరో చెప్పాలి. పుట్టింది బొల్లారంలో. తండ్రి మిలిటరీ వాళ్ల వంటశాలలో రొట్టెలు చేసేవాడు. పెళ్లయి లాలాగూడ వచ్చింది. భర్త రైల్వే వర్క్‌షాపులో పని చేస్తూ నడుము విరగ్గొట్టుకుని రెండేళ్లు చాప మీద పడి ఉన్నాడు. చాప మీద పడి ఉన్నవాడికి వీపంతా పుండ్లు పడ్డాయి. ఆమె పగలు ఆస్పత్రిలో ఆయాగా వార్డు నిండా రోగులను మంచాల మీద పక్కకు తిప్పేది, ఇంటికొచ్చి మొగుణ్ణి నేల మీద తిప్పేది. ఈ మాట నాకు ఒక్కసారే చెప్పింది, అదీ బియ్యం ఏరుతూ. ఆయన పోయాడు. ఆమె రిటైరయ్యింది. రిటైరవ్వగానే మనిషన్నవాళ్లు బంగారం చేయించుకుంటారు, లేదా తీర్థాలు తిరుగుతారు. ఈమె రెండు ఇనుప మంచాలు, ఒక చక్రాల కుర్చీ కొనుక్కొచ్చింది. అవసరమైన వాళ్లు తీసుకుపోవాలి, అవసరం తీరాక తెచ్చివ్వాలి. అంతే ఆమె సేవ.

తిరిగొచ్చిన ప్రతి వస్తువునూ ఫినాయిలుతో కడిగి, ఒకరోజు ఎండలో పెట్టి, మర్నాడు పొద్దున్నే గది ముందు వేసుకుని దాని మీద కూర్చుని గల్లీకంతా కనిపించేలా చాయ్ తాగేది. తర్వాత చేరిన కమోడ్ కుర్చీ అయినా సరే. గల్లీవాళ్లు నవ్వేవాళ్లు. కానీ ఆయమ్మ కూర్చుని లేచిందంటే ఇక దానికి దోషం లేదనుకుని తీసుకుపోయేవాళ్లు. ఓంప్రకాశ్ గొడవ తర్వాత ఇంకో పద్ధతి పెట్టింది. మంచం కావాలంటే ఇంట్లో రోజూ అన్నం వండే గిన్నె తెచ్చి ఆమె దగ్గర పెట్టాలి. మంచం తెచ్చిస్తే గిన్నె వెనక్కి. "రోజూ వండే గిన్నె యాది మరువరు," అనేది. ఆమె అటక నిండా పరాయి గిన్నెలే.

ఇలా ఊరికే ఇస్తుంటే ఎవరూ నమ్మరని, సంఘంగా రిజిస్టరు చేయించుకోమని ఎవరో చెప్పారు. ఏడుగురు సభ్యులు కావాలన్నారు. నాలుగో తరగతితో బడి మానేసినా నా సంతకం ముత్యంలా ఉంటుంది కాబట్టి నన్ను పట్టుకుంది. కాగితాలన్నీ ఆఫ్షీన్ రాసింది. ఆ పిల్ల మెట్టుగూడలో జిరాక్స్ షాపులో పని చేస్తుంది. వాళ్ల నాన్న మౌలా అలీ ఒకప్పుడు ఆటో నడిపేవాడు, పక్షవాతం వచ్చి మంచాన పడితే మొదటి మంచం వెళ్లింది వాళ్లింటికే. అట్లా 'ఊతం సేవా సంఘం' పుట్టింది.

సంఘమని బోర్డు పెట్టాక సహాయం చేస్తామని జనం రావడం మొదలైంది. సహాయం అంటే ఎలా ఉంటుందో చెబుతాను. ఒక శనివారం పెద్ద కంపెనీ నుంచి ఒకే రంగు చొక్కాలు వేసుకున్న పిల్లలు ముప్ఫైమంది బస్సులో దిగారు. మా గది గోడకు పువ్వులు, సీతాకోకచిలుకలు వేశారు, ఫొటోలు దిగారు, సమోసాలు తిని వెళ్లారు. రెండు నెలలకు ఇంకో కంపెనీ వాళ్లొచ్చి, ఆ పువ్వుల మీద సున్నం కొట్టి చేపలు వేశారు. మూడో కంపెనీ ఏనుగులు. గోడ అంత అందంగా ఉంది, కప్పు మాత్రం కారుతూనే ఉంది. "నాయనా, పైకి ఎక్కి రెండు పెంకులు సర్దరాదా?" అని ఒకడిని అడిగాను. "అది మా ప్రోగ్రాంలో లేదాంటీ," అన్నాడు. నేను రెండు మాటలు అనబోతే సువార్త నా కాలు తొక్కింది. ఆమె కాలు తొక్కితే వారం కుంటాలి.

ఆ గదే మా అసలు బాధ. సామాన్లు పెరిగాయి, వానకు తుప్పు పట్టసాగాయి. పైగా గదిగలవాళ్లు జూన్‌లోగా ఖాళీ చేయమన్నారు, కూలగొట్టి మేడ కడతారట. ఇంకో చోటు దొరక్కపోతే సంఘం లేదు. మంచాలను గిన్నెల్లా అటక మీద పెట్టలేం కదా.

అప్పుడొచ్చాడు పద్మనాభం. బొల్లారంలో ఇనుప బీరువాలు చేసే కార్ఖానా ఆయనది. తల్లి పోయింది. ఆమె పేరు మీద పది మంచాలు, పది చక్రాల కుర్చీలు తనే చేయించి లారీలో తెచ్చాడు.

"అమ్మా, మూడు నెలల్ల వస్తా," అన్నాడు. "ఇవన్నీ ఇండ్లల్ల వాడుకల ఉన్నయని చూపిస్తే, ఇక్కడ స్టేషన్ కాడ మా పాత గోదాం ఖాళీగ ఉన్నది, తాళంచెవి మీ చేతుల పెడతా. మూలకు పడి ఉంటే మాత్రం ఇంకెవరికైన ఇచ్చుకుంట. మా అమ్మ పేరు తుప్పు పట్టద్దు."

సువార్త ఆనందానికి పట్టపగ్గాలు లేవు. నేను కూడా ఒక మంచానికి బంతిపువ్వు పెట్టాను. మేమెవరమూ ఆ క్షణాన గమనించలేదు, లేక గమనించినా మంచిగానే ఉందనుకున్నాం. ప్రతి కుర్చీ వీపు మీదా, ప్రతి మంచానికీ కాళ్ల వైపు రేకు మీదా, దండ వేసిన ఒక ముసలమ్మ ఫొటో ఉంది. కింద 'కీర్తిశేషులు మాణిక్యమ్మ గారి పుణ్యస్మృతికి' అని, పుట్టిన తేదీ, పోయిన తేదీ.

గుడికి గంట ఇచ్చినట్టే, బడికి బీరువా ఇచ్చినట్టే ఇచ్చాడు ఆయన. కానీ గంట పడుకోదు, బీరువాకు రోగం రాదు.

కొత్తవాటిలో మొదటి మంచం మౌలా అలీకే ఇచ్చాం, పాతది తుప్పు పట్టిందని. మూడో రోజే ఆఫ్షీన్ వచ్చింది. "ఆయమ్మా, అబ్బా పరేషాన్ అయితుండు. గా అమ్మ పొద్దంత ఎదురుంగ చూస్తదంట. నన్ను తీస్కపోనీకి వచ్చినట్టున్నది, జెర టైం అడుగు బేటీ అంటుండు."

మేం నవ్వాం. నవ్వు ఆ రోజుకే. ఆ తర్వాత వచ్చినవాళ్లు వచ్చినట్టే, ఫొటో చూసి, గిన్నె సంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఒక కుర్చీ తీసుకున్న ముసలాయన్ను మనవరాలు రోడ్డు మీద తోసుకుపోతుంటే, వెనక వచ్చే ఆటోవాడు ఆపి దండం పెట్టాడట. ఆయన బతికుండగానే. సాయంత్రానికి కుర్చీ వెనక్కి వచ్చింది. సువార్త ప్రతి కుర్చీ ఎక్కి చాయ్ తాగింది, ప్రతి మంచం మీదా పడుకుంది. లాభం లేదు. ఆమె కూర్చుంటే కనబడని దోషం పోయేది, ఇది రంగుతో రాసి ఉంది మరి. రెండు నెలలకు ఇరవైలో పదిహేడు గదిలోనే ఉన్నాయి. ఎండాకాలపు అకాల వానకే కింద ఉన్నవి తడుస్తున్నాయి.

"ఒక పని చేద్దాం," అంది ఆఫ్షీన్. "గల్లీలోళ్లను ఒక్కొక్కళ్లను కూసోబెట్టి ఫొటోలు తీస్త. పద్మనాభం సార్‌కు పంపుదాం. అందరు గిట్లనే చేస్తరు."

"ఫొటో పంపినంక గా కుర్చీల ఎవరు కూసుంటరే? ఫొటోనా?" అంది సువార్త.

అప్పుడు నేనన్నాను, ముసుగులు కుడదామని. నా దగ్గర కుట్టుమిషను ఉంది, నీలం రెగ్జిన్ ఉంది. కుర్చీ వీపుకు ఒక తొడుగు, మంచం రేకుకు ఒక తొడుగు.

సువార్త చాలాసేపు గోళ్లు గిల్లుకుంది. "దాచినట్టు కాదా అక్కా?"

"దాచినట్టే. మనం చీర కట్టుకునేది ఎందుకు మరి?"

ఇరవై తొడుగులు ఆరు రోజుల్లో కుట్టాను. పదిహేను రోజుల్లో ఇరవై సామాన్లూ ఇళ్లకు వెళ్లిపోయాయి. అటక మీద గిన్నెలు పెట్టడానికి చోటు చాలలేదు. సువార్త మళ్లీ పాటలు పాడుతూ తిరిగింది. ఆమె పాట గురించి నేనేమీ అనను.

పద్మనాభం చెప్పాపెట్టకుండా వచ్చాడు. ఎవరింట్లో ఉన్నాయో చూపించమన్నాడు. దగ్గర ఇల్లు మౌలా అలీదే, తీసుకుపోయాం. మౌలా అలీ మంచం మీద దిండుకు ఆనుకుని, ఎడమ చేత్తో బిస్కెట్టు తింటున్నాడు. పద్మనాభం మొహం విప్పారింది. అంతలో మంచం కాళ్ల వైపు చూశాడు.

"ఇదేంది?"

"దుమ్ము పడకుంట సార్," అంది ఆఫ్షీన్ తడుముకోకుండా. మంచి తెలివైన పిల్ల అనుకున్నాను. గోదాం దక్కింది అనుకున్నాను.

"దుమ్ముకు కాదు సార్," అంది సువార్త. "మీ అమ్మను కప్పినం."

ఈసారి నేనే ఆమె కాలు తొక్కాను. ఆమె లెక్క చేయలేదు.

పద్మనాభం తొడుగు లాగి చూశాడు. "ముసుగేసిండ్రా? మా అమ్మకా? అంత అపశకునమా మా అమ్మ? మొఖం చూడబుద్ధి కానంతనా?"

వీధిలో గ్యాస్ బండి గంట వినబడుతోంది.

"అబద్ధం చెప్తే గోదాం వస్తదని తెలుసు సార్," అంది సువార్త. "మీ అమ్మ మంచిదే అయ్యుంటది. గాని మాకెట్ల తెలుస్తది? పుట్టిన తారీఖు రాసిండ్రు, పోయిన తారీఖు రాసిండ్రు. నడుమల గిన్నేండ్లు ఏం చేసిందో ఒక్క ముక్క లేదు. రోగమొచ్చినోడు పొద్దంత గా పోయిన తారీఖే చదువుకుంట పండుకోవాలె. మీరే చెప్పుండ్రి. ఎట్లుండేది మీ అమ్మ?"

ఆయన కోపంగా తొడుగును మంచం మీద పడేశాడు. అటూ ఇటూ చూసి, పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

"ఎట్లుండేదంటే... నోరు పెద్దది. మా ఇల్లు బస్సులు ఆగే కాడ. ఎండల ఎవరు నిలబడ్డా లోపటికి పిలిచేది. కండక్టరు, మిలిటరీ పోరగాండ్లు, కూరగాయల గంప ఆమె, ఎవరైనా సరే. జెర కూసో బిడ్డా, జెర కూసో బిడ్డా అనేది. మా నాయిన ఇంటికొస్తే ఆయనకు కుర్చీ ఉండేది కాదు. ఇది ఇల్లా, బస్టాండా అని ఒర్రేటోడు ఆయన. గాళ్లు పోయినంక నువ్వు కూసో, నువ్వేమన్న బస్సుకు పోవాల్నా అనేది అమ్మ."

మౌలా అలీ పకపకా నవ్వాడు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వు ఒక పక్కకే వస్తుంది, అయినా గట్టిగా వచ్చింది. "గిట్ల చెప్పు సార్! గా మాట రాయి. జెర కూసో బిడ్డా అని రాస్తే, నేనే ముసుగు తీసేస్త. అమ్మను చూసుకుంట పండుకుంట."

పద్మనాభం కూడా నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నాడు. ఇంకా చెప్పాడు. ఆమె ఆవకాయ గురించి, ఆమె కొట్టిన దెబ్బల గురించి, కంటి ఆపరేషన్ రోజు డాక్టరునే కూర్చోమందని. అరగంట పట్టింది. చివరికి లేస్తూ వెనక్కి చూసుకుని, "నేను కూసున్నదేంది?" అన్నాడు.

"కమోడ్ కుర్చీ సార్," అంది ఆఫ్షీన్. "కడిగిందే."

ఆయన వెళ్లిపోయాడు. గోదాం గురించి అవుననలేదు, కాదనలేదు. పది రోజులు కబురు లేదు. మబ్బులు పట్టాయి. గదిగలవాళ్లు రెండుసార్లు వచ్చి కొలతలు తీసుకున్నారు. నేను రోజూ సువార్తను తిట్టాను. "ఆ పిల్ల చెప్పిన దుమ్ము మాట నీకు చేదైందా? సత్యమే మాట్లాడాలంటే గోదాం చేతికొచ్చాక మాట్లాడొద్దా?" ఆమె గిన్నెలు తోముకుంటూ, "తిట్టు అక్కా, నువ్వు తిడుతుంటే పని తొందరగ అయితది," అనేది.

పదకొండో రోజు పెయింటరు వచ్చాడు. పద్మనాభం పంపాడట. ఇల్లిల్లూ తిరిగి, తేదీలు చెరిపి, ఫొటోలు తీసేసి, కుర్చీల మీద 'జెర కూసో బిడ్డా' అని, కింద చిన్నగా 'బొల్లారం మాణిక్యమ్మ' అని రాశాడు. మంచాలకు కూడా అదే రాశాడు. పడుకునేదానికి కూసో ఏమిటని నేనడిగితే, సార్ గదే రాయమన్నడు అన్నాడు. నా తొడుగులు ఇరవై మూటకట్టి వెనక్కి ఇచ్చాడు. వెంటనే ఇంకో ఇద్దరు కుర్చీల కోసం వచ్చారు, 'కూసో బిడ్డా కుర్చీ' ఉందా అని పేరు పెట్టి అడుగుతూ. ఆ వారమే తాళంచెవి వచ్చింది.

గోదాంలో మాణిక్యమ్మ ఫొటో మాత్రం ఒకటి గోడకు పెట్టాలన్నాడు పద్మనాభం. పెట్టుకోమంది సువార్త, దండ మాత్రం వద్దంది. ఆయన ఉండాలన్నాడు. చాలాసేపు వాదించుకున్నారు. దండ ఉంది. ప్రతి జగడమూ గెలవడానికి ఆమెకు మాత్రం ఓపిక ఎక్కడిది?

సామాన్లు సర్దడం అయిపోయిన సాయంత్రం, ఇద్దరం గోదాం మెట్ల మీద కూర్చున్నాం. సామాన్లకు ఇక నీటి చుక్క తగలదు, ఆ సంతోషంలో నేను ఆమె పాటను కూడా భరిస్తున్నాను. హఠాత్తుగా పాట ఆపింది.

"దేవమ్మక్కా, పద్మనాభం సారు ఈ వారంల మూడుసార్లొచ్చిండు. చూసినవా?"

"గోదాం బాగుందో లేదో చూసుకోడానికి."

"కాదు. అమ్మ ముచ్చట చెప్పుకోనీకి. ఆయనను ఎవరూ అడగలే ఇన్నాళ్లు. మన కాడికి సామాన్లు తెచ్చిచ్చేటోళ్లు చూడు, మంచం దించుతరు, గిన్నె తీస్కుంటరు, ఉరుకుతరు. వాళ్లను సుత ఎవరు అడుగుతరు? నాకు కడగనీకే టైం లేదు."

"అయితే?"

"పొద్దుగూకే ముంగట ఒక రెండు గంటలు నువ్వొచ్చి గీ తలుపు కాడ కూసో. తెచ్చిచ్చినోళ్లకు మంచినీళ్లు ఇయ్యి. కూసోబెట్టు. మీ నాయిన ఎట్లుండేటోడు, మీ అమ్మ ఎట్లుండేది అని అడుగు."

"నా నోటి సంగతి తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే అడుగుతున్న. నువ్వు కూసోమన్నంక లేచిపోయే ధైర్యం ఎవ్వరికున్నది?" తాళంచెవి నా ఒళ్లో పెట్టింది. "గాని అక్కా, ఒక్కటే మాట అడుగు. అడిగి ఊకో. వాళ్లు చెప్పేటప్పుడు నడుమల మాట్లాడకు."